811లో లేని నెల

ఇంగ్లండులో ఏటి నుంచి రోజుకు 20 ఘనపు మీటర్లకు మించి నీళ్లు తోడుకోవాలంటే లైసెన్సు కావాలి. దాని పేరు 'యాబ్‌స్ట్రాక్షన్ లైసెన్స్'. బొమ్మల దగ్గర నైరూప్యత అనీ, గణితం దగ్గర అమూర్తత అనీ మనం చెప్పుకునే మాట ఇదే. అక్కడి రైతుకు మాత్రం నీళ్లు తోడటం. లాటిన్ మూలంలో ఉన్నదీ ఆ పనే: లాగి వేరుచేయడం.

తెలుగు మాటల్లో ఆ లాగుడు వినిపించదు. అమూర్తం అంటే ఆకారం లేనిది, అంతే. ఆ ఆకారాన్ని ఎవరు తీశారు, తీసి ఏం వదిలేశారు అని అడగాలనిపించదు. అడగాల్సిన చోటు కృష్ణా జలాల లెక్క.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. కృష్ణా జలాల్ని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాల్ని పరిశీలించి, 75 శాతం విశ్వసనీయతతో కృష్ణలో 2,060 టీఎంసీలు దొరుకుతాయని తేల్చింది. నూరేళ్లలో 75 ఏళ్లు ఆ మేరకైనా నీళ్లుంటాయని దాని భావం. వాడాక తిరిగి నదిలో చేరే పునరుత్పత్తి జలాలు కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 అయింది. రాష్ట్రం విడిపోయాక, 2015లో, తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నారు.

ఇలాంటి అంకె లేకుండా పంపకం సాగదు. ఆగస్టు వరదనూ, మే నెల ఇసుక తిన్నెలనూ ఎదురుగా పెట్టుకుని ఎవరూ వాటాలు వేయలేరు. వాటిని పక్కకు తీశాకే ఎగువనున్న మహారాష్ట్రకూ దిగువనున్న డెల్టాకూ ఒకే కొలత కుదిరింది.

తీసినవాటిని మళ్లీ ఎవరూ తలవకపోవడంతోనే వచ్చింది చిక్కు. 811లో నెల లేదు. జూన్‌లో నారుమడి అడిగే నీరూ, సెప్టెంబరులో శ్రీశైలం గేట్లెత్తితే వచ్చే నీరూ అందులో ఒకటే. కాలువ మొదట్లోని పొలమూ, శివారు పొలమూ ఒకటే. ఇక నూరులో మిగిలిన ఆ పాతికేళ్లూ? నీళ్లు రాని ఏడు 'మన వాటా' ఎంతో వింటే శివారు మడి తడవదు.

కేటాయింపుల ఉత్తర్వుల్లోనూ, పత్రికల పట్టికల్లోనూ టీఎంసీల గడి పక్కన మరో రెండు గడులుండాలి: నీళ్లు ఏ నెలలో వస్తాయి, ఏ తూము దాకా వస్తాయి. వరి నాటాలా, మినుములు చల్లాలా అని శివారు రైతు చూసుకునేది ఆ రెండు గడుల్లోనే.