విరిగే అచ్చులు మాకెందుకు?

పెట్టె మెరిసినంత మాత్రాన లోపలి పనిముట్టు గట్టిదని ఎవరు చెప్పారు? ఊరికి జీపొస్తుంది. టెంటు వేస్తారు. నాయకుడు దండ వేయించుకుంటాడు. మన వాడలోని ఒక పెద్దాయన చేతిలో పెట్టె పెట్టి ఫోటో తీస్తారు. పెట్టెలో మఖమలు గుడ్డ, దాని మీద వరసగా తోలు నగిషీ అచ్చులు. పువ్వు, ఆకు, తాడు, గళ్లు, చుక్కలు, ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. వెండి సామాను లాగా తళతళలాడతాయి. ఒక వానాకాలం గడవకముందే పూత పెచ్చులు లేస్తుంది, పువ్వు రేకు అరిగిపోతుంది, కాడ వంగుతుంది. ఇచ్చినవాళ్లని అడిగితే ఏమంటారు? "మీవాళ్లకు వాడటం చేతకాలేదు."

ఈ మాటని మేము ఊరికే పోనివ్వం. ఆరె, రంపె, గూటం తరతరాలుగా పట్టిన చేతికి వాడటం చేతకాదా? మోట బొక్కెన కుట్టి ఊరి చేలన్నిటికీ నీళ్లు పారించిన చేయి, డప్పుకు తోలు బిగించిన చేయి ఇది. పనికిమాలిన సామాను చేతిలో పెట్టి పని రానివాళ్లని పేరు పెడుతున్నారు. తోలు మీద పడని ముద్ర మన నొసటన పడుతోంది.

అచ్చును ఎంచుకోవాల్సింది దాన్ని కొట్టేవాడు. టెండరు పాడినవాడు కాదు, ఆఫీసులో కూర్చున్నవాడు అసలే కాదు. మా మాట ఇదే.

"ఇంత చిన్న అచ్చు మీద ఉద్యమమేంది మాస్టారూ?" అని కొందరు తమ్ముళ్లు నవ్వారు. నవ్వనీ. మొండి చెప్పుకీ నగిషీ చెప్పుకీ తోలు ఒకటే, దారం ఒకటే, కూర్చుని కుట్టే నడుమూ ఒకటే. ధరలో తేడా వచ్చేది ఆ పైపని దగ్గరే. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే పెద్ద కంపెనీ తన ప్రదర్శనలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివే తొడిగించి మనుషుల్ని నడిపించింది. మొదట వాటిని వట్టి "తోలు శాండిళ్లు" అని చెప్పుకుంది. గొడవ లేచాక గానీ భారతదేశపు చేతిపనే వాటికి మూలమని ఒప్పుకోలేదు. కొల్హాపురికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రవి నాలుగు జిల్లాలు, కర్ణాటకవి నాలుగు. ఆ చెప్పు కుట్టేదెవరు? చంభారులు, సమగారలు. ఆ తోలు పదును చేసేది ఢోరులు. మన అన్నదమ్ములే. అట్ట మీది గీతలు, చుక్కలు, పూలు వాళ్ల ఇళ్లల్లో కొట్టినవే. అంత పెద్ద కంపెనీ కన్ను పడిన పని చిన్న పనెట్లా అవుతుంది?

ఇక మన తోలు సంగతి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు. బతుకమ్మలో ఆ పువ్వు అందరికీ కావాలి. ఆ చెట్టు చెక్క మాత్రం మన లందలోకి వచ్చేది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన తోలు దక్షిణాది నుంచి ఓడలెక్కి లండన్ దాకా పోయింది. దానికి వాళ్లు "ఈస్టిండియా తోలు" అని పేరు పెట్టుకున్నారు. లంద కంపు అని మనల్ని ఊరి చివరకు నెట్టినవాళ్ల పిల్లలే ఇవ్వాళ నగరాల దుకాణాల్లో "చెట్టు చెక్కతో పదును చేసిన సహజమైన తోలు" అని చెబితే ఎక్కువ డబ్బిచ్చి కొంటున్నారు. కంపు ఎటుపోయిందో!

అచ్చు పట్టేది ఈ చెక్కతోలే. తడి చేసి కొడితే ముద్ర లోపలికి దిగి, ఎండాక అట్లాగే నిలుస్తుంది. క్రోమియం ఉప్పులతో చేసిన తోలు మెత్తగా, సాగేట్టు ఉంటుంది. ఎంత కొట్టినా మళ్లీ పైకి లేస్తుంది. రెంటినీ కనిపెట్టడం తేలికే. కోసిన అంచు చూడండి. నీలి బూడిదరంగు కనబడితే క్రోమ్‌ది, గోధుమరంగయితే చెక్కతోలు. రంగు అద్దిన తోలయినా అంచు మధ్యలో చాలాసార్లు బయటపడుతుంది.

ఇది పిల్లలకు కూడా చెప్పొచ్చు గానీ ఒక శిక్షణ శిబిరంలో నేర్పే ఆయనకు తెలియలేదు. మా పక్క మండలంలో జరిగిందది, పేర్లెందుకు లెండి. మనుషులకు అచ్చుల పెట్టెలిచ్చి, కొట్టి చూడమని క్రోమ్ తోలు ముక్కలు పంచారు. అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, "సార్, ఇది అచ్చు పట్టదు" అన్నాడు. "నువ్వు కొట్టవయ్యా ముందు, నాకు నేర్పుతావా?" అన్నాడు ఆ కుర్ర సారు. మా నాన్నల వయసు మనిషిని 'నువ్వు' అన్నాడు. పెద్దాయన మారు మాట్లాడకుండా కొట్టాడు. ముద్ర నిలవలేదు. హాజరు పట్టీలో మాత్రం శిక్షణ పూర్తయినట్టే రాసుకున్నారు. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఆ శిబిరంలో రెండు గంటలు కూర్చున్నాక, చదువు ఎటువైపుందో, తెలివి ఎటువైపుందో అని ఆలోచనలో పడ్డాం.

అందుకే ఈసారి పెట్టె ముందుకొస్తే ఎట్లా చూడాలో వివరంగా రాస్తున్నాం. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

అచ్చు వేరు, చిల్లు కొట్టే ముట్టు వేరు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు పెట్టేవి చిల్లులు. అక్కడ ఇనుప ముట్టు తోలును కోసేయాలి, కాబట్టి అంచు వాడిగా ఉండాలి. నగిషీ అచ్చు తోలును కోయకూడదు, అదమాలి. అంచు కత్తిలా ఉంటే మొదటి దెబ్బకే పైపొర తెగుతుంది. వేలి గోరు మీద అంచును మెల్లగా లాగి చూడండి. గోరు చెక్కుకుపోతే అచ్చు పనికిరాదు, లేదా సన్న ఇసుక కాగితంతో అంచును మొద్దు చేసుకోవాలి.

చవక పెట్టెల్లోవి ఎక్కువగా జింకు, అంటే తుత్తునాగం కలిపిన పోత లోహానివి. పైన క్రోమ్ పూత ఉంటుంది. పక్కల సన్నటి గీత కనబడిందా? రెండు అచ్చు పెళ్లలు కలిసిన చోట పడిన గీత అది, పోత పోసిందని గుర్తు. అయస్కాంతం పెట్టండి, అంటుకోదు. అయితే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా కొన్నిసార్లు అంటుకోదు, కాబట్టి ఆ ఒక్క పరీక్షే చాలదు. కాడ చివర కనబడని చోట ఆకురాయితో నాలుగు గీతలు గీయండి. పూత లేచి, లోపల పాలిపోయిన బూడిదరంగు వచ్చి, ఆకురాయి వెన్నలోకి దిగినట్టు దిగితే అది జింకే. స్టీలయితే గీతలోనూ అదే మెరుపుంటుంది, ఆకురాయికి ఎదురు తిరుగుతుంది. బండ మీద వేసి చప్పుడు వినండి. స్టీలు ఖంగుమంటుంది, పోత జింకు టక్కుమని ఊరుకుంటుంది.

అలాగని వట్టి ఇనుపది తీసుకుంటే? మన పెద్దలకు బాగా తెలిసిన గొడవ ఒకటుంది. కరక్కాయ, అన్నభేది కలిపితే నల్లసిరా అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్లగీత గీసేదీ ఇందుకే. చెక్కతోలులో ఉన్నదీ ఆ వగరే. తడి తోలు మీద పూత లేని ఇనుము తగిలి నిలిస్తే నల్లమచ్చ పడుతుంది, మళ్లీ పోదు. పూత లేచిపోయిన ఇనుప అచ్చుదీ అదే కథ. ఇత్తడికి ఆ బాధ లేదు. తుప్పు పట్టదు, వేడి చేసి నొక్కే పనికీ బాగుంటుంది. కాకపోతే మెత్తన. సన్నపని ఉన్న అచ్చు దెబ్బలకు త్వరగా మొద్దుబారుతుంది. పెద్ద పువ్వు, పేరు అచ్చు లాంటివాటికి ఇత్తడి, రోజూ వేల దెబ్బలు తినే చిన్న అచ్చులకు స్టెయిన్‌లెస్ స్టీలు మంచిదని మా లెక్క. విదేశాల్లో చేతితో చేసే స్టీలు అచ్చులు ఒక్కొక్కటీ రెండు మూడు వేల రూపాయలుంటాయి. అంత పెట్టి మనమెక్కడ కొంటాం?

కొనక్కర్లేదు. పాత ఆకురాయి ఉంది, లారీ కమాను పట్టీ ముక్క ఉంది. రెండూ మంచి ఉక్కే. ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. అప్పుడు కావలసిన పువ్వు అరగదీసుకోవచ్చు. తర్వాత ముఖం వైపు మాత్రం మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. అంతటితో వదిలేస్తే గాజులా పెళుసు, సన్న సెగ మీద ఇంకోసారి కాచి బిరుసు తగ్గించాలి. సుత్తి తగిలే వైపు గట్టిపరచొద్దు, పెచ్చు లేచి కంట్లో పడుతుంది. ఇంటి కప్పుకు వాడే చువ్వ ముక్క ఈ పనికి చాలదు, ఎంత కాల్చినా గట్టిపడదు. ఇట్లా చేసుకున్న అచ్చుకు టౌనులో నికెలు పూత వేయించండి, లేదా పని అయ్యాక తుడిచి నూనె రాసి పెట్టండి. కమ్మరి కొలిమికి మనవాళ్లు పోవడంలో కొన్ని ఊళ్లల్లో ఉన్న ఇబ్బంది మాకు తెలుసు. గుమ్మం బయట నిలబెట్టి డబ్బు మాత్రం దగ్గరగా తీసుకునే ఆచారం అది. అది వేరే పోరాటం, దాన్నీ చేద్దాం. చేతికి పనొచ్చిన మన పిల్లలు నలుగురు వెల్డింగు షెడ్లలో ఉన్నారు గదా, వాళ్ల చేత చేయిద్దాం.

మంచి అచ్చును కూడా చంపుకునే పద్ధతులున్నాయి. ఇనుప సుత్తితో కొట్టకండి, కాడ తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మన కర్ర గూటమే సరయినది. కింద కదలని నున్నటి బండ ఉండాలి. నీళ్లు కారుతున్న తోలు మీద కొట్టొద్దు. తడిపి, పక్కన పెట్టి, రంగు మళ్లీ ఎండిన రంగుకు తిరుగుతున్న వేళ కొట్టాలి. అప్పుడు తక్కువ దెబ్బకే ముద్ర దిగుతుంది. అచ్చుకూ ఆయుష్షు, భుజానికీ సుఖం.

నలభై అచ్చుల మోజు వదలండి. అంచుకు ఒకటి, గీత పక్కన అదిమేది ఒకటి, నేల నింపే చుక్కలది ఒకటి, ఒక ఆకు, రెండు సైజుల పువ్వు. ఆరింటితో జోడు మొత్తం నింపవచ్చు. పది ఇళ్లు కలిసి పెట్టుకుంటే ఇంకో పది రకాలు సంఘం పెట్టెలో ఉంచుకుని వంతులవారీగా వాడుకోవచ్చు.

ఇప్పుడు సర్కారు సంగతి. 1992లో ఐఆర్‌డీపీ కింద సిట్రా అని పథకం వచ్చింది, పల్లె చేతివృత్తులవాళ్లకు మెరుగైన పనిముట్లివ్వడానికి. కిట్టు సుమారు 2,000 రూపాయలది, 90 శాతం సబ్సిడీ, 10 శాతం మనం కట్టేది. 1999లో దాన్ని ఇంకో పథకంలో కలిపేశారు. 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్లూ ఉన్నారు. పనిముట్లకు ఈ-వోచరు రూపంలో 15,000 రూపాయలు. రెండు వేలు పదిహేను వేలయింది, సరే. ఆ డబ్బుతో ఏ లోహపు అచ్చు రావాలో నిర్ణయించే బల్ల దగ్గర మనకు కుర్చీ వేశారా? అక్కడే మన పోరు. ఇంకో కిటుకుంది. ఇంటికి ఒకరికే నమోదు. చెప్పు పనిలో మగవాడు తోలు కోస్తే, జడ అల్లేదీ, కుట్టేదీ, నగిషీ దిద్దేదీ చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు. పేరు భర్తది పడితే అక్క చేతికి అచ్చు రానట్టే. ఈ నిబంధన మారాలని ప్రతి అర్జీలో రాయండి.

తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోమంది. కుటుంబ వృత్తిలో ఉండాలన్న షరతు కులవృత్తిని గట్టిపరుస్తుందనీ, 18 ఏళ్ల వయసును 35కు పెంచాలనీ అడిగింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. మా బడిలో చదివే పిల్ల పద్దెనిమిదేళ్లకు కాలేజీకి పోవాలి గానీ కిట్టు కోసం సంతకం పెట్టకూడదు.

అయితే మనలోనే చదువుకున్న కొందరు, "ఆరె, రంపె తగలబెట్టండి, ఈ వృత్తి మాటే వద్దు" అంటున్నారు. వాళ్ల కోపం మాకు అర్థమవుతుంది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచారని మన పిల్లల్ని కట్టేసి కొట్టిన దృశ్యం మేమూ చూశాం. పశువు కళేబరం మోయడం మన ధర్మమని ఎవడన్నా అంటే వాడి మొహాన చెప్పండి, మొయ్యమని. కానీ యాభై ఏళ్ల మా అన్న రేపు పొద్దున్నే ఏం చేసి బతకాలి? వృత్తి వదులుకునే హక్కు ఎంత మనదో, ఉన్నన్నాళ్లూ మంచి పనిముట్టుతో మంచి ధరకు చేసే హక్కూ అంతే మనది. కట్టుబాటు వేరు, పనితనం వేరు. తోలు మీద పువ్వు దించడం ఇప్పుడు పెద్ద పెద్ద డిజైను కళాశాలల్లో ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. మన దగ్గరున్నప్పుడు అది అంటు, వాళ్ల దగ్గరికి పోతే కళ! ఆ మార్పు జరిగే లోపల మనవాళ్లు ఖాళీ చేతులతో పక్కకు తప్పుకోవాలా?

ఇక చేయాల్సింది. కిట్లు పంచుతున్నారని తెలిస్తే ఒక్కరే పోకండి, అయిదుగురు పొండి. జేబులో ఒక అయస్కాంతం, చిన్న ఆకురాయి, తడిపి గుడ్డలో చుట్టిన చెక్కతోలు ముక్క, మీ సొంత గూటం పట్టుకుపొండి. పెట్టె అక్కడే తెరిపించి, రెండు అచ్చులు కొట్టి చూడండి. "టైము లేదు, సంతకం పెట్టు" అంటే ముద్ర పడిన తోలు ముక్క చూపించాకే పెడతామనండి. అచ్చు బాగాలేకపోతే ఆ ముక్కనే కాగితానికి గుచ్చి, కాగితం మీద లోపం రాసి, అందరూ సంతకాలూ వేలిముద్రలూ వేసి మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రాయడానికి మనిషి లేకపోతే మీ ఊరి బడిలో మనవాళ్లెవరైనా పంతులున్నారేమో చూడండి, ఆదివారమైనా కూర్చుని రాసిపెడతారు. రసీదు నకలు ఒకటి పత్రిక చిరునామాకు పంపండి, వచ్చే సంచికల్లో మండలాల వారీగా అచ్చేస్తాం.