మానేదాకా బతకాలి కదా

తాగేవాడికి జాగ్రత్తలు చెబితే ఇంకా తాగమని ఊతమిచ్చినట్టేనని మన పెద్దమనుషుల గట్టి నమ్మకం. ఏలూరు కాలేజీ ర్యాలీ అయినా, తాడేపల్లిగూడెం దగ్గర హైవే పక్క బోర్డయినా చెప్పేది ఒక్కటే: వద్దు. ఇంకా ముట్టనివాడికి ఆ మాట చాలు. రోజూ తాగేవాడి సంగతేంటి? వాడికి ఏమీ చెప్పకపోవడమే నీతి అనుకుంటున్నాం. ఆ నీతి ప్రాణాలు తీస్తోంది.

2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో కొద్దిరోజుల తేడాలో వరసగా మనుషులు పోయారు. నాటుసారా చంపిందని ప్రతిపక్షం, సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం కొట్లాడుకున్నాయి. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. తప్పెవరిదో తేల్చడానికి పడ్డ ఆరాటంలో పదోవంతు కూడా తాగేవాడికి తెలియాల్సింది చెప్పడానికి పడలేదు. మిథనాల్ కలిసిన సరుకు తాగగానే చంపదు. ఒంట్లో విషంగా మారి బయటపడటానికి సగం రోజు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. ఆ తర్వాత కడుపునొప్పి, వాంతులు, మసక చూపు. నిన్నటి మత్తేలే, పడుకుంటే పోతుందనుకున్నవాడికి కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. చూపు మసకేసిన వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఏం తాగాడో దాచకుండా చెప్పాలి. విరుగుడు ఉంది. ఈ నాలుగు ముక్కలు చెబితే సారా అమ్మకాలు పెరుగుతాయా?

అసలు "మానెయ్" అన్న మాటలోనే ఒక ప్రమాదముంది. పొద్దున్నే చుక్క పడందే చెయ్యి నిలవనివాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనిపోనివి కనబడి పలవరించవచ్చు, చనిపోనూవచ్చు. మనవైపు ఇలా మానేది ఎక్కువగా అయ్యప్ప మాలతోనే. ఇంట్లోవాళ్లు మొక్కుకుని వేయిస్తారు. రాత్రి దాకా క్వార్టర్లు లాగించినవాడు తెల్లారేసరికి నల్లబట్టల్లో, చన్నీళ్ల స్నానంతో, నేల పడకతో దీక్షలో ఉంటాడు. మూడోనాడు వణుకు పుడితే అది చలే అనుకుంటారు. నేను మాలను తప్పుపట్టను. ఊరంతా ఛీకొట్టినవాణ్ణి "స్వామీ" అని పిలిచే 41 రోజులవి, అంత గౌరవం ఏ చికిత్సా కేంద్రమూ ఇవ్వలేదు. అందుకే గురుస్వామి నోటే ఈ మాట రావాలి. మాల వేసేముందు "రోజూ ఎంత పడుతుంది స్వామీ?" అని అడగాలి. ఎక్కువైతే ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. మాల తీసిన రోజే పాత మోతాదు పోస్తే ఒళ్లు తట్టుకోదనీ ఆయనే చెప్పాలి.

సారా వ్యతిరేక ఉద్యమం నేర్పింది నిషేధమే కదా అంటారు. 1992లో దూబగుంట ఆడవాళ్లను కదిపింది పోలీసు హెచ్చరిక కాదు, అక్షరాస్యత వాచకంలో తమ ఇంటి గోడు తమ మాటల్లోనే కనబడటం. ఆ చదువు చెప్పే పద్ధతిని వదిలేసి నిషేధాన్ని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకున్నాం. 1995లో వచ్చిన ఆ సంపూర్ణ నిషేధం 1997లోనే సడలింది. ఎయిడ్స్ రోజుల్లోనూ కండోమ్ గురించి చెబితే జనాన్ని చెడగొట్టినట్టేనన్నారు. అయినా చెప్పారు, కొత్త కేసులు తగ్గాయి.

కొల్లేరులో చేపల చెరువు గట్ల మీద, పాకల్లో రాత్రి కాపలా కాసేవాళ్లకు ఏలూరు ఆడిటోరియం ఉపన్యాసం అందదు. తాగి దోనె ఎక్కొద్దనీ, ఒంటరిగా నీళ్లలో దిగొద్దనీ, మత్తులో పడిపోయినవాణ్ణి వెల్లకిలా వదలక పక్కకి తిప్పి పడుకోబెట్టి దగ్గరే ఉండాలనీ కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో చెబితే వింటారు. చెప్పేవాడు వాళ్లలోంచే, ఒకప్పుడు తాగినవాడైతే మరీ వింటారు.

ఇక గంజాయి. అమ్మేవాళ్లనూ వాడేవాళ్లనూ పట్టించడానికి రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక దళం ఈగల్ నంబరు 1972 ఊరూరా చాటుతున్నారు. పక్కన స్నేహితుడు స్పృహ తప్పితే పట్టుబడతామన్న భయంతోనే 108కి ఫోన్ చేయడానికి కుర్రాళ్లు జంకుతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64-ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరున్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తానే గుర్తింపు పొందిన చోట చికిత్సకు ముందుకొస్తే, ఆ చికిత్స పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ సంగతి ఆ కుర్రాడి అమ్మకు తెలియాలి. అదే హైవే బోర్డు మీద, అంతే పెద్ద అక్షరాల్లో రాయండి. కింద వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 కూడా వేయండి.