కొండ యెక్కని విజ్ఞానము

ఏటేట ఫిబ్రవరి 28వ తేదీ వచ్చునప్పటికి మన పట్టణములలో విజ్ఞానదినోత్సవపు సందడి పుట్టును. 1928వ సంవత్సరమున ఆ దినముననే చంద్రశేఖర వేంకటరామన్ గారి కాంతిపరిశోధనము ఫలించినది గావున, 1987 మొదలుకొని దేశమంతట నీ యుత్సవము జరుగుచున్నది. మంచిదే. దీపము వెలిగింతురు, దండలు వేయుదురు, విజ్ఞానమే దేశమునకు వెన్నెముక యని వేదికపై పెద్దలు ఘోషింతురు. సాయంకాలమునకు కుర్చీలు బండి కెక్కును. ఆ కుర్చీలైన నెన్నడైన సాలూరు దాటి పాచిపెంట కొండలవైపు పోయినవేమో గాని, ఉపన్యాసకులు పోవుట బహు అరుదు.

రామన్ గారు పరిశోధనము చేసిన కలకత్తా సంస్థను 1876లో స్థాపించినవాడు మహేంద్రలాల్ సర్కారను వైద్యుడు. దేశీయులు శాస్త్రము నేర్వవలయునని, చందాలు పోగుచేసి, బహిరంగోపన్యాసములకై యాయన దానిని నిలిపెను. అచ్చట ఉపన్యాసము ముందు వచ్చినది. పరిశోధనకీర్తి తరువాత వచ్చినది. మనము కీర్తికి పండుగ చేయుచు ఉపన్యాసమును మఱచితిమి.

"కొండవారికి శాస్త్ర మేమి తెలియును?" అను మాట చదువుకొన్న వారి నోటనే మేము పలుమారు విన్నాము. ఇది మనకు క్రొత్త మాట గాదు. శాస్త్రము ఇంగ్లీషున దక్క దేశభాషలలో నిలువదని మనలను గూర్చియు నొకప్పు డనిరి. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చొత్తించి ఆ మాటకు బదులు చెప్పిరి. నేడు మనమే యా నాటి దొరల కుర్చీలో కూర్చుండి కువి పలుకు తల్లిని తెలివి లేనిదానినిగా నెంచుచున్నాము. నాడు మనకు ఇంగ్లీషు ఎట్టిదో, నేడు ఆమెకు మన సభాతెలుగు అట్టిదే.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో నుండి సవరల భాషను సవరలయొద్దనే నేర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణమును వెలువరించిరి. గ్రాంథికమును వదలని మావంటి వారికి వారి పేరెత్తుటకు కొంత బిడియము కలుగవచ్చును. అయినను న్యాయము న్యాయమే. 2004లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మొదలగు 8 భాషలలో పిల్లలకు చదువు మొదలుపెట్టినది. పిల్లలకు తగిన భాష పెద్దలకు తగదా?

భాష యొక్కటియే దోషము గాదు. చెప్పు సంగతియు పట్టణమునుండి మూటగట్టి తెచ్చినదే. మలేరియా మాట చూడుడు. 1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డు రాసు దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ కథ యెల్లరకు తెలియును. కాని ఉపన్యాసకుడు తెచ్చిన పటములో నేమున్నది? పట్టణపు మురుగుకాలువ, పగిలిన కుండ, పాత టైరు! తూర్పుకనుమలలో ఈ జ్వరమును మోయు దోమలలో ముఖ్యమైన దొకటి మురుగున పుట్టదు. మెల్లగా పారు తేటనీటి గెడ్డల యంచుల గడ్డిలో పుట్టును. తన గెడ్డ అద్దమువలె నున్నదని యెఱిగిన గ్రామస్థుడు ఆ పటమును చూచి, ఇది మా యూరి జ్వరము కాదని లేచిపోయిన నాతనిది మూఢత్వమా, ఉపన్యాసకునిదా?

రక్తపు సంగతి యింతకంటె గట్టిది. కొడవలి రూపుదాల్చు రక్తకణముల వ్యాధిని, సికిల్ సెల్ అనుదానిని, 2047 నాటికి తొలగింపవలయునని 2023 జులై 1వ తేదీన కేంద్రప్రభుత్వము ఉద్యమము నారంభించినది. నెత్తురు పరీక్షించి చేతికొక కార్డు నిచ్చుచున్నారు. ఆ కార్డున కర్థ మెవరు చెప్పవలెను? తల్లి, తండ్రి యిరువురును ఆ లక్షణమును లోపల దాల్చినవారైన, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొక పాలు అవకాశము. ఒక బిడ్డకు వచ్చినది గనుక తక్కిన మువ్వురు క్షేమమని తలచుట పొరపాటు. దీనికి పటము లక్కరలేదు, రెండు గవ్వలు చాలును. రెండును బోర్లపడినచో వ్యాధి యనుకొని వేయుచు పొండు. వెనుకటి పందెమును గవ్వ గుర్తుంచుకొనదని ముసలమ్మయు క్షణములో గ్రహించును. ఒక్కరినుండి మాత్రమే ఆ లక్షణము పొందినవారికి ప్రాణాంతకమైన మలేరియానుండి కొంత రక్షణ గలదు. జ్వరపు సీమలలో నీ లక్షణము తరతరములుగా నిలిచియుండుటకు కారణ మదియే. ఇది చెప్పినచో "మా నెత్తురు చెడ్డది" యను సిగ్గు కొంతైన తీఱును.

ఇట్టి తలంపునకు దారి చూపినవారిలో నొకడైన హాల్డేను పండితుడు శ్రమజీవుల దినపత్రికకు శాస్త్రవ్యాసములు వందలకొలది వ్రాసెను. కడపట భారతపౌరుడై 1964లో భువనేశ్వరమున మరణించి, తన దేహమును మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కిచ్చిపోయెను. ఆయన తన దేహమునే యిచ్చెను. మనవారు ఒక సాయంకాలము నీయజాలరా?

ఇక నీటి మాట. 2022లో రాష్ట్రప్రభుత్వము ఈ మన్యము జిల్లాలోనే కర్రివలసవద్ద 1000 మెగావాట్లకును, కురుకుట్టివద్ద 1200 మెగావాట్లకును పంపుడు స్టోరేజి విద్యుత్పథకముల ననుమతించినది. అది యేమి యంత్రము? ఎగువ నొక జలాశయము, దిగువ నొకటి. కరెంటు చౌకగా మిగిలినపుడు నీటిని పైకి తోడుదురు, గిరాకి హెచ్చినపుడు క్రిందికి వదలి చక్రములు త్రిప్పుదురు. తోడుటకు 100 పాళ్లు వ్యయమైన తిరిగివచ్చునది ఇంచుమించు 75 మొదలు 80 పాళ్లు. కావున నిది విద్యుత్తును పుట్టించునది గాదు, దాచునది. సూర్యరశ్మి విద్యుత్తు పెరుగుచున్న దేశమునకు దాచుకొను గాదె కావలసినమాట నిజమే. గాదె యెవరి పొలమున కట్టెదరు, మొదట నింపుటకును, ఎండ కాగిపోయినదానిని ఏటేట పూడ్చుటకును ఏ గెడ్డ నీరు తీసెదరు, ఆ గెడ్డ క్రింది మడుల గతి యేమి యనునవి శాస్త్రప్రశ్నలే. పథకము మంచిదనియో చెడ్డదనియో మే మిచ్చట తీర్పు చెప్పుటలేదు. 1996నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన పంచాయతీని గాని సంప్రతింపవలె ననుచున్నది. మెగావాటనగా నేమో చెప్పక అడిగిన సంప్రతింపు వట్టి వ్రేలిముద్రల పోగు. "అవగాహన సదస్సు" అను పేరున, కట్టువారే వచ్చి లాభములు మాత్రము వల్లించిపోవుట విజ్ఞానోపన్యాసము కానేరదు.

నిప్పులు త్రొక్కి, గాలిలో విభూతి పుట్టించి, మాయలను బయలుపెట్టు ప్రదర్శనలు కొన్ని మిత్రులు చేయుచున్నారు. వానికి మే మడ్డుచెప్పము. కాని కొండవారి మూఢనమ్మకములను నవ్వి వచ్చుటయే విజ్ఞానప్రచార మనుకొన్నచో, మోసపోవుచున్నది కొండవారు గాదు.

కావలసినవి స్వల్పములు. సంతదినమున, లేదా కోతలైన పిమ్మట వెన్నెలరాత్రి, ఒక వైద్యుడో, ఇంజనీరో, కళాశాలాధ్యాపకుడో రావలెను. ప్రక్కన కువియో సవరయో ఒరియాయో పలుకు ఆ యూరి బడిపంతులుండవలెను. అరగంట మాట, గంట ప్రశ్నలు. 2019లో స్థాపింపబడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ప్రక్కనున్న విజయనగరము జిల్లాలోనే యున్నది. సాలూరు, పార్వతీపురము పఠనమందిరములలో నీ వ్యాసమును చదువుచున్న వైద్యులు, ఉపాధ్యాయులు, వకీళ్లు పదుగురు కలిసి రాబోవు విజ్ఞానదినమున మాలలకును శాలువలకును అగు ఖర్చును జీపు బాడుగకు మార్చిన చాలును. మొదటి సభ కేసలివద్ద పెద్దగెడ్డ జలాశయపు కట్టపైనే పెట్టవచ్చును. ఎగువనీరు దిగువనీరు అనునవి యచ్చట చూపుటకు వేఱు పటము తేనక్కరలేదు.