చక్ర మెరుగని భేదము

ఆటలు మనుష్యుని సంస్కరించునని పాఠశాలల వార్షికోత్సవములందు తరచుగా వినబడుచుండును. ఈ మాటలో సగమే సత్యము. ఆట అద్దము వంటిది. తన యెదుట నిలిచినవాని ముఖమును చూపును గాని, వానికి క్రొత్త ముఖమును ప్రసాదింపదు. సైకిలు పందెముల తొలినాటి చరిత్ర యిందుకు చాలిన నిదర్శనము.

1896 ఏప్రిల్ నెలలో ఏథెన్సు నగరమున తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగెను. అందు నూరు కిలోమీటర్ల సైకిలు పందెమొకటి. ఒకే బాటపై 300 చుట్లు తిరుగవలెను. కడవరకు నిలిచినవా రిద్దరే: ఫ్రాన్సు దేశీయుడు లియోన్ ఫ్లమెంగ్, గ్రీసు దేశీయుడు కొలెత్తిస్. నడుమ గ్రీకు యువకుని సైకిలు చెడెను. అది చూచి ఫ్లమెంగ్ ఆగెను. ప్రత్యర్థి మరల సిద్ధమగువరకు వేచియుండి, పిదప తొక్కి, 3 గంటల 8 నిమిషములకు పైబడిన కాలములో గమ్యము చేరి విజేత యయ్యెను. ఆగుమని అతనిని ఏ నిబంధనయు శాసింపలేదు.

అంతకు రెండేండ్లకు ముందు, 1894లో, అమెరికాలోని సైకిలువారి పెద్ద సంఘమైన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్, తెల్లజాతివారికి దక్క అన్యులకు సభ్యత్వము లేదని తీర్మానించెను. ఒకచోట నియమము లేకున్నను మర్యాద వెలసెను; వేరొకచోట అమర్యాదయే నియమ మయ్యెను. రెంటను తిరిగిన చక్రము మాత్ర మొక్కటే.

ఆ నియమపు నీడలో ఎదిగినవాడు మార్షల్ టేలర్. 1878లో ఇండియానాపొలిస్ నగరమున జన్మించిన నల్లజాతి బాలుడు. సైనికుని దుస్తులు ధరించి సైకిలు దుకాణము ముందు విన్యాసములు చూపుటచే ‘మేజర్’ అను పేరు వచ్చెను. పందెములలో పాల్గొను అవకాశ మెట్లో దొరకినను, దక్షిణ రాష్ట్రములలో అతనికి ప్రవేశము నిరాకరించిరి. తోడి పందెగాండ్రు బాటపై చుట్టుముట్టి త్రోవ మూసిరి. 1897లో ఒక పందెము ముగిసిన వెంటనే, ఓడినవా డొకడు టేలర్‌ను స్పృహ తప్పునట్లు గొంతు నులిమెను. అయినను 1899లో మాంట్రియల్ నగరమున ఒక మైలు పందెములో అతడు ప్రపంచ విజేత యయ్యెను. 1901లో యూరపునకు వెళ్లి అచటి మేటి పందెగాండ్ర నోడించెను. ఆదివారము దైవప్రార్థనకు చెందినదని, ఆ దినమున పందెమాడుటకు అంగీకరింపలేదు.

ప్రతిభ యున్నవాని నెవ్వరు నాపలేరనుటకు టేలరే సాక్ష్యమని కొందరు వాదింపవచ్చును. ఈ వాదము వినుట కింపుగా నుండును గాని నిలువదు. గెలిచిన ఒక్కని పేరు గ్రంథముల కెక్కినది. పందెపు గీత యొద్దకే రానీయబడనివారి పేర్లు ఏ గ్రంథమున నున్నవి? టేలర్ విజయము అతని గొప్పతనమునకు సాక్ష్యమే గాని, ఆ నియమము నిరపాయకర మనుటకు సాక్ష్యము కాదు. పైగా ఆ విజయమైనను అతనిని కడవరకు కాపాడలేదు. 1932లో షికాగోలోని ఆసుపత్రిలో, ధర్మ వైద్యము పొందు పేదల నడుమ, అతడు కన్ను మూసెను. పదునారేండ్ల తరువాత, 1948లో, పూర్వపు పందెగాండ్రు కొందరు పూనుకొని అతని భౌతికకాయమును గౌరవప్రదమైన సమాధికి మార్పించిరి. 1894 నాటి నియమమును ఆ సంఘమునకు వారసులైనవారు లాంఛనముగా రద్దు చేసినది 1999లో. అనగా 105 ఏండ్లకు!

కావున ఆటస్థల ముండిన చాలును, సంస్కార మదే వచ్చునని తలచుట పొరపాటు. సంస్కారమును ఆటస్థలమునకు మనుష్యులే తీసికొని పోవలెను. మొదట వచ్చిన బాలునికి చప్పట్లు కొట్టుట సులభము. గీత వెలుపల ఊరక నిలిచియున్న బాలు డెవ్వడు, ఎందులకు నిలిచినాడని ఒక్కసారి తిరిగి చూచుట ఉపాధ్యాయుని పని. పడిపోయిన తోటివాని కొరకు ఒక్క క్షణ మాగుట విద్యార్థి పని. ఈ రెండును జరిగిన నాడు పందెములో ఎవరు గెలిచినను నష్టము లేదు.