వెళ్లే ముందు రోజు రాత్రి



పేరెంట్స్ మీటింగ్‌లో "బాబును ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబులో ఒక విదేశం పేరు ఉంటుంది. బీటెక్, తర్వాత ఎంఎస్, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం. ఆ దారికి కావలసిన లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు ఆరో తరగతి నుంచే నేర్పిస్తున్నాం. ఇల్లు వదిలి వెళ్లడమంటే ఏమిటో మాత్రం ఇంట్లో మీరూ మాట్లాడరు, బడిలో మేమూ మాట్లాడం. ఆ మాట మొదలుపెట్టడానికి ఒక మంచి నాటకం చాలని నా నమ్మకం.

మా అక్కవాళ్లు ఐర్లాండ్‌లో ఉంటారు. పదో తరగతి వయసున్న మా మేనల్లుడు ఈ మధ్య వాళ్ల యూత్ గ్రూపు పిల్లలతో కలిసి బస్సులో వెళ్లి 'ఫిలడెల్ఫియా, హియర్ ఐ కమ్!' నాటకం చూసొచ్చాడు. బ్రయన్ ఫ్రీల్ రాసిన ఈ నాటకాన్ని 1964లో డబ్లిన్‌లో మొదటిసారి ఆడారు. అరవై ఏళ్లు దాటినా అక్కడి పెద్దలు దాన్ని పిల్లలకు చూపిస్తున్నారంటే కారణం ఆ ద్వీపం చరిత్రలో ఉంది. 1841లో ఐర్లాండ్ ద్వీపం జనాభా 80 లక్షలు దాటి ఉండేది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, 10 లక్షలకు పైగా ఓడలెక్కి వెళ్లిపోయారు. కరువు పోయినా వలస ఆగలేదు. నేటికీ ఆ ద్వీపం 1841 నాటి జనాభాను తిరిగి అందుకోలేదు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం ముందు రోజు రాత్రి ఇరుగుపొరుగు కూడి జాగారం చేసేవారు. చనిపోయినవారి దగ్గర చేసే జాగారం పేరే దానికీ పెట్టుకున్నారు. మళ్లీ చూస్తామన్న ఆశ అంత తక్కువ.

నాటకం కథ చాలా చిన్నది. బాలీబెగ్ అనే పల్లెలో పాతికేళ్ల గార్ తెల్లవారితే ఫిలడెల్ఫియా వెళ్లాలి. తల్లి అతను పుట్టిన కొద్ది రోజులకే పోయింది. తండ్రిది కిరాణా కొట్టు. గార్ పాత్రను ఇద్దరు నటులు వేస్తారు. ఒకరు అందరికీ కనిపించే గార్, ఇంకొకరు అతని మనసు. ఆ మనసు వాగుతూ, వెక్కిరిస్తూ, "ఒక్క మాట మాట్లాడు నాన్నా" అన్నట్టు తపిస్తుంటుంది. తండ్రి మాత్రం ముళ్లతీగ చుట్టలు ఎన్ని వచ్చాయో అడుగుతాడు. చిన్నప్పుడు తామిద్దరూ నీలం పడవలో వెళ్లిన రోజు గార్‌కు గుర్తు, తండ్రికి గుర్తుండదు. కొడుకును చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లిన రోజు తండ్రికి గుర్తు. ఆ సంగతి కొడుకు లేనప్పుడు పనిమనిషితో చెబుతాడు. ఇద్దరి దగ్గరా ప్రేమ ఉంది, అది ఒకరి నుంచి ఒకరికి చేరదు.

చూసొచ్చాక మావాడు నాకు ఫోన్ చేసి, "మామయ్యా, నాన్న ఇండియా నుంచి వచ్చే ముందు రోజు రాత్రి తాతయ్య ఏం మాట్లాడాడు?" అని అడిగాడు. మీ నాన్ననే అడగమన్నాను. ఆ రాత్రంతా పచ్చళ్లు తీస్తూ, పెడుతూ, సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా తూచుకోవడంతోనే గడిచిపోయిందని బావ చెప్పాడట. ఆ తర్వాత తండ్రీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారట. పాఠం చెప్పి నేను తేలేని మాట అది.

"ఇలాంటివి చూస్తే పిల్లలు వెళ్లనంటారేమో" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ నాటకం వెళ్లొద్దని చెప్పదు. ఎందుకు వెళ్తున్నావని తన మనసే అడిగితే గార్ తెలియదంటాడు. మన పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుని వెళ్తే వాళ్లకే మంచిది. "సినిమాల్లో ఇవన్నీ ఉన్నాయి కదా" అనీ అనవచ్చు. సినిమాను ఫోన్‌లో ముందుకు జరుపుకోవచ్చు. నాటకంలో తండ్రి మౌనంగా కూర్చుంటే హాలంతా ఆ మౌనంలో కూర్చోవాల్సిందే. "పరీక్షల ముందు నాటకమా?" అనే మాటకు నాదొకటే జవాబు. అడుగుతున్నది ఏడాదికి ఒక్క సాయంత్రం.

అందుకే మన యాజమాన్యానికీ, మీకూ ఒక మనవి. వీకెండ్ టెస్టు లేని ఒక ఆదివారం తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక మంచి నాటకానికి తీసుకెళ్దాం. ఐర్లాండ్ నాటకమే కానక్కర్లేదు. 1885లో మొదలైన సురభి వంటి నాటక సమాజం మనకే ఉంది. ప్రతి విద్యార్థితో అమ్మో, నాన్నో ఒకరు రావాలి. మర్నాడు దాని మీద స్లిప్ టెస్టు మాత్రం పెట్టొద్దని తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం.

తిరుగు ప్రయాణంలో ఫోన్లు పక్కన పెట్టండి. పిల్లలు ఏం అడిగినా, మార్కుల సంగతి ఎత్తకుండా జవాబు చెప్పండి.