ముప్పును ముందే కొలవాలి

ప్రకృతి వైపరీత్యాలను నివారించే శక్తి మానవునికి లేదు. తుపాను, వరద, భూకంపం, అనావృష్టి మానవుని అనుమతి కోరి రావు. అయితే అవి ఎంత నష్టం కలిగిస్తాయన్నది పూర్తిగా ప్రకృతి చేతిలో లేదు. గాలి వేగాన్ని ప్రకృతి నిర్ణయిస్తుంది. ఆ గాలికి ఎదురుగా పూరిగుడిసె ఉంటుందా, పక్కా ఇల్లు ఉంటుందా అన్నది సమాజం నిర్ణయిస్తుంది. కనుక విపత్తును అంచనా వేయడమంటే ఆకాశాన్ని పరిశీలించడం మాత్రమే కాదు. నేలను, నేలపై బ్రతికే మనుషుల స్థితిగతులను పరిశీలించడం కూడా.

ఆపద వేరు, ముప్పు వేరు. నిర్జన ద్వీపాన్ని తాకిన తుపాను ఆపదే కాని, దాని వల్ల ఎవరికీ ముప్పు లేదు. ముప్పును కొలవదలచినవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆపద ఎంత తీవ్రమైనది, ఎంత తరచుగా రాగలదు? దాని దారిలో ఎందరు మనుషులు, ఎంత ఆస్తి ఉన్నాయి? వాటికి తట్టుకొనే శక్తి ఎంత? ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని విడిచినా అంచనా తప్పుతుంది.

ఇందుకు దివిసీమ ఉప్పెన కన్నీటి సాక్ష్యం. 1977 నవంబరు 19న వచ్చిన పెనుతుపాను చీరాల వైపు తీరం దాటింది. కాని ఘోరమైన జననష్టం జరిగింది దానికి ఈశాన్యంగా ఉన్న కృష్ణా డెల్టాలో. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు అపసవ్యంగా తిరుగుతాయి. అందువల్ల తూర్పుతీరంలో తుపాను దారికి కుడివైపున గాలి సముద్రజలాన్ని నేలమీదికి నెట్టుతుంది. తీరపు సముద్రం లోతు తక్కువైతే నీరు మరింత పైకి లేస్తుంది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన జలరాశి పల్లపు లంకలను ముంచివేసింది. పదివేలకు పైగా ప్రజలు మరణించారు. ఎక్కి ప్రాణాలు దక్కించుకొనేందుకు ఎత్తైన కట్టడాలు కరవయ్యాయి. పూరిళ్ళు గాలికే కూలిపోయాయి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో తెలిసినంత మాత్రాన మృత్యువు ఎక్కడ కాచుకొని ఉందో తెలియదని ఆ రాత్రి నిరూపించింది.

ఆ గుణపాఠం వ్యర్థం కాలేదు. తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు వెలిశాయి. హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపాన మరొక పెనుతుపాను తీరం దాటినప్పుడు లక్షకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపలే ఆగింది. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా 1977తో పోల్చినప్పుడు ముందుచూపు విలువ తెలుస్తుంది.

ప్రాణనష్టం ఒక్కటే కొలమానం కాదు. 1996 నవంబరులో కోనసీమను తాకిన తుపాను వేయిమందికి పైగా ప్రజలను బలిగొనడమే కాక, లక్షలాది కొబ్బరిచెట్లను నేలకూల్చింది. నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. కూలిన ఇంటిని ఏడాదిలో కట్టుకోవచ్చు; కూలిన తోటపై ఆధారపడిన కుటుంబం కోలుకొనేందుకు అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ప్రాణనష్టం పూర్వపు తుపానులకన్నా ఎంతో తక్కువ. కాని విద్యుత్తు, నీరు, టెలిఫోను లేక మహానగరం స్తంభించింది. ప్రాణాలు దక్కాయన్న తృప్తితో తీరానికి మరింత చేరువగా భవనాలు కట్టుకుంటూ పోతే ముప్పు తగ్గదు, రూపం మార్చుకుంటుంది.

సంభావ్యతను గూర్చి జనంలో ఒక అపోహ ఉంది. ‘నూరేళ్ళకు ఒకసారి వచ్చే వరద’ అనగానే, నిన్న వచ్చింది కనుక ఇక నూరేళ్ళు నిశ్చింత అనుకుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. అటువంటి వరద ఏ సంవత్సరమైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే. ముప్పై ఏళ్ళ కాలంలో కనీసం ఒక్కసారైనా అది వచ్చే అవకాశం దాదాపు నాలుగింట ఒక వంతు. ఇల్లు కట్టుకొనేవాడు విస్మరించదగిన సంఖ్య కాదిది. పైగా సముద్రాలు వేడెక్కి, నీటిమట్టం పెరుగుతున్న ఈ కాలంలో గతకాలపు లెక్కలనే నమ్ముకోవడం క్షేమం కాదు.

హెచ్చరిక విని ఇల్లు విడిచి వెళ్ళిన తరువాత తుపాను దారి మళ్ళితే, అధికారులు అనవసరంగా భయపెట్టారని నిందించేవారున్నారు. ఒకనాటి కూలి పోగొట్టుకొన్న పేదవాని ఆవేదన అర్థం చేసుకోదగినదే. దానికి పరిష్కారం హెచ్చరికను మానడం కాదు. తరలివెళ్ళినవారి కూలికి, పశువులకు, సామానుకు భరోసా కల్పించడం. ఆ భరోసా లేనిచోట ఎంత కచ్చితమైన హెచ్చరికైనా గాలిలో కలిసిపోతుంది.

2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. ఆ చట్టం కాగితం దాటి గ్రామానికి చేరాలి. ఏ వీధి పల్లంలో ఉంది, నడవలేని వృద్ధులు ఏ ఇంట ఉన్నారు, వేటకు వెళ్ళిన పడవలు ఎన్ని, రక్షణ భవనం తాళంచెవి ఎవరి వద్ద ఉంది అన్న వివరాలు ఉపగ్రహానికి కనిపించవు, ఊరివారికే తెలుస్తాయి. శాస్త్రజ్ఞుని లెక్క, గ్రామీణుని అనుభవం కలిసినప్పుడే అంచనా సంపూర్ణమవుతుంది. మడ అడవులను, సరుగుడు తోటలను కాపాడుకోవడం కూడా ఆ లెక్కలో భాగమే.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబూనడం అవివేకమని పెద్దలు ఏనాడో చెప్పారు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది మరణించారు. నూటపదమూడేళ్ళ తరువాత అదే సముద్రం పొరుగునే ఉన్న దివిసీమను ముంచింది. సముద్రం తన దారిని మరువలేదు, మరచినది సమాజమే. విద్యావంతులైన యువతీయువకులు తమ ఊరి ముప్పును తామే గుర్తించి, పదిమందికి తెలియజెప్పగలిగిన నాడు ఆ మరపుకు అడ్డుకట్ట పడుతుంది.