నడిమి పేరులో నవ్వు పెడదాం

పుట్టిన బిడ్డకు ముర్రుపాల తరువాత ఇంటివారు ఇచ్చే కానుక పేరు. పేరు పెట్టడం ఇంటివారి ఇష్టం, ఆరోగ్య పత్రికకు దానితో ఏమి పని అని కొందరు అడగవచ్చు. ఆ పేరుతోనే బిడ్డ బడికి పోతుంది, ఆసుపత్రిలో చీటీ రాయించుకుంటుంది, ముసలితనం దాకా పలుకుతుంది. కనుక బిడ్డను తొట్టిలిలో వేసే రోజుకు ముందే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలని మా కోరిక.

పూర్వం పేరు వెనుక భయం ఉండేది. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవారు. ఎంగిలి విస్తళ్లలో పొర్లించి పుల్లయ్య అనేవారు. శ్రీకాకుళం వైపు తవుడుకు కొన్నట్టు చేసి తవిటయ్య అన్నారు. మన కన్నడ సరిహద్దు పల్లెల్లో తిప్పన్న, తిప్పమ్మ ఉన్నారు. కన్నడంలో తిప్పె అంటే చెత్తకుప్ప. పేరు హీనంగా ఉంటే చావు కన్ను పడదని ఆ తల్లుల ఆశ. ఆ పేర్లను చూసి నవ్వకండి, వాటి వెనుక ఉన్నది ప్రేమే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండా చనిపోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. తగ్గించినవి టీకాలు, ఆసుపత్రి కాన్పులు, తల్లిపాలు, మంచి నీళ్లు. బిడ్డకు కాపలా కాసే పని ఇప్పుడు పేరుది కాదు.

భయం పోయినా నిరాశ పోలేదు. వరుసగా ఆడపిల్లలు పుడితే సాకమ్మ అని పేరు పెట్టే అలవాటు సరిహద్దు ఊళ్లలో ఉండేది. కన్నడంలో సాకు అంటే చాలు. మహారాష్ట్రలో నకుషీ అంటారు, అంటే అక్కరలేనిది. 2011 అక్టోబరులో సతారా జిల్లా అధికారులు సభ పెట్టి అలాంటి పేరున్న 285 మంది ఆడపిల్లలకు కొత్త పేర్లు ఇచ్చారు. అంతమంది పిల్లలు అన్నేళ్లు హాజరు పిలిచిన ప్రతిసారీ "నువ్వు అక్కరలేదు" అన్న మాటకే పలికారు! మన తెలుగులో సాకడం అంటే పెంచడం. అదే సాకమ్మను మనం "పెంచుకున్న తల్లి" అని చదువుకోవడం మేలు. ఇంకొకటి గుర్తుంచుకోండి. తల్లి నుండి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది. తండ్రి నుండి ఎక్స్ వస్తే ఆడబిడ్డ, వై వస్తే మగబిడ్డ. ఆడపిల్ల పుట్టిందని కోడలిని తప్పుపట్టడానికి ఆధారమే లేదు.

కరువు సీమలో ఇంకొక నింద ఉంది. బోరు ఎండినా, శెనక్కాయ పంట పోయినా "ఇది పుట్టిన వేళ" అంటారు. వాన రాకపోవడానికి తొట్టిలిలో పడుకున్న పసిదానికి సంబంధం ఏమిటి? ఆ మాట వింటూ పెరిగిన బిడ్డ మనసులో తాను భారమనే తలంపు నాటుకుంటుంది. బాలింతరాలి దిగులు కూడా పెరుగుతుంది.

మరి ఏమి చేయాలి? పెద్దల పేర్లు తీసివేయమని మేము చెప్పడం లేదు. జేజి పేరు, తాత పేరు, ఊరి దేవుడి పేరు ఉండవలసినవే. గూగూడు కుళ్ళాయిస్వామి మీద భక్తితో హిందువులూ ముస్లింలూ కూడా కుళ్ళాయప్ప అని పెట్టుకునే జిల్లా మనది. అది మన సొత్తు. అయితే ఇంటిపేరుకూ పెద్దల పేరుకూ నడుమ సంతోషాన్ని తెలిపే చిన్న మాట ఒకటి చేర్చండి. ఆనంద ఓబులేసు, సంతోష కుళ్ళాయప్ప, హర్షిణి సుంకమ్మ, నందిని మారెమ్మ అని పిలిచి చూడండి. ముస్లిం ఇళ్లలో ఫర్హానా ఉంది, అర్థం సంతోషం గలది. క్రైస్తవులకు ఇస్సాకు ఉంది, ఆ హెబ్రీ పేరులోనే నవ్వు ఉంది. రాహేలు కాన్పులో చనిపోతూ బిడ్డకు బెనోని అని, అంటే నా దుఃఖపుత్రుడని, పేరు పెట్టింది. యాకోబు ఆ పేరు ఉంచక బెన్యామీను అని మార్చాడు. భార్య పోయిన దుఃఖంలోనూ ఆ దుఃఖాన్ని బిడ్డ నెత్తిన పెట్టలేదు.

ఎంచుకునేటప్పుడు జేజి నోటికి తిరిగే పేరు చూడండి. ఎవరికీ పలకరాని, అర్థం తెలియని పేర్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అవ్వ పిలవలేని పేరు ఇంట్లో నిలవదు, చివరికి బుజ్జి, చిన్నోడు అనే మిగులుతుంది.

ఎంచుకున్న పేరు కాగితం మీదికి ఎక్కాలి. 1969 చట్టం ప్రకారం జననం 21 రోజుల్లోగా నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం పంపవలసిన బాధ్యత ఆసుపత్రిది. అప్పటికి పేరు తేలకపోతే 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరువాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టాలి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరడానికి, ఓటుకు, ఉద్యోగానికి జనన పత్రమే ముఖ్య ఆధారం. కనుక ఇంటిపేరు, నడిమి పేరు, పెద్దల పేరు ఏ వరుసలో, ఏ అక్షరాలతో రాయించారో ఆధార్‌లోనూ బడిలోనూ అలాగే రాయించండి. పనుల కోసం బెంగళూరుకు పోయే కుటుంబాలు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

పేరు కడుపు నింపదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని సామెత ఉండనే ఉంది. హర్షిణి అని పేరు పెట్టి, అన్నకు పాలు పోసి ఆమెకు గంజి పోస్తే ఆ పేరు వెక్కిరింతే అవుతుంది. పాలు, టీకా, బడి ఇద్దరికీ సమానంగా అందించండి. అప్పుడు ఆ నడిమి పేరు పలికిన ప్రతిసారీ "నువ్వు వచ్చినందుకు మాకు సంతోషం" అని బిడ్డకు వినిపిస్తుంది.